అవతలి వందకు, ఇవతలి వందకు

మా వంతెన దగ్గర అవతలి డబ్బుకూ ఇవతలి డబ్బుకూ ఏ సంవత్సరం ఏ నెల ఏ రోజున మారకం ధర ఎంత పలికిందో నన్ను అడగండి. రెప్ప వేసి తీసేలోగా చెబుతాను. ఇవి గొప్పలు కావు, ఉన్న మాటే. నేను చదువుకున్నది పల్లెటూరి బడిలో. దానికి పైకప్పు సగమే ఉండేది, వాన పడిన రోజున సగం పాఠమే జరిగేది. ఆ సగం చదువుతోనే ఇన్నేళ్ల ధరలూ తలకెక్కించుకున్నాను. ఒకసారి పెద్ద నగరం నుంచి బ్యాంకువాళ్ళు కారు కట్టించుకుని వచ్చి, మీ తలకాయ మా ఆఫీసుకు అద్దెకిస్తారా అని అడిగారు. తల మీకిచ్చేస్తే టోపీ ఎక్కడ పెట్టుకోను అన్నాను. నిరాశగా వెళ్ళిపోయారు.

నా పని వినడానికి చిన్నదే. ఏటి ఒడ్డున, వంతెన మొదట్లో, డబ్బు మార్చే కొట్టు. గుమ్మం పక్కన నల్లబోర్డు. పొద్దున్నే స్టూలెక్కి ఆ రోజు ధర సుద్దముక్కతో రాయాలి, దిగి లోపలికొచ్చి కౌంటర్ వెనక కూర్చోవాలి. వంతెన అవతల వేరే దేశం, వేరే డబ్బు. రెండూ పేద డబ్బులే. పెద్ద దేశాల బ్యాంకుల్లో మా నోటు గానీ వాళ్ళ నోటు గానీ పెడితే అక్కడి గుమాస్తా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని వెనక్కి తోసేస్తాడట. కాబట్టి ఆ రెండింటికీ ఒకదానికొకటే దిక్కు. ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీది రోగుల్లా, నీకెంత జ్వరం నాకెంత జ్వరం అని చూసుకుంటూ బతికేవి.

ఆ జ్వరం కొలిచేవాళ్ళం ఇద్దరం. ఇటు నేను, అటు వంతెన చివరి కొట్లో నాలాంటివాడే ఇంకొకడు. పొద్దున్నే ఫోన్లో ధర తేల్చుకునేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజే నన్ను బావా అన్నాడు. తిట్టుకోవడానికి అంతకన్నా వీలైన వరస ఇంకొకటి లేదు గనుక నేనూ బావా అన్నాను. మీ డబ్బుకు రాత్రి కాస్త నిద్ర పట్టిందా బావా అని నేను, మీ నోట్లతో మావాళ్ళు పొయ్యి రాజేసుకుంటున్నారు బావా అని అతను, అలా కాసేపు ఒకరినొకరం ఉతికి ఆరేసుకున్నాక ఏదో ఒక అంకె దగ్గర ఆగేవాళ్ళం.

ఇక్కడ మా వంతెన పద్ధతి ఒకటి చెప్పాలి. నా బోర్డు మీద పైన ‘వందకు’ అని ఉంటుంది, కింద అంకె. బావ బోర్డు మీదా అంతే. కానీ నా బోర్డులో వంద అంటే మన వంద. దానికి వాళ్ళవి ఎన్ని వస్తాయో కింద ఉంటుంది. బావ బోర్డులో వంద అంటే వాళ్ళ వంద. దానికి మనవి ఎన్ని వస్తాయో అక్కడ ఉంటుంది. కాబట్టి నా అంకె పెరిగిన రోజున అతని అంకె తగ్గుతుంది. ఎవరి వంద అని ఏ బోర్డు మీదా రాయలేదు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళ వందే అని అందరికీ తెలుసు, మళ్ళీ రాయడం సుద్ద దండగ అనుకున్నాం.

అవతలి డబ్బు జారిపోయిన కాలం ఒకటి వచ్చింది. మన వందకు వాళ్ళవి ఐదు వందలు వచ్చేవి కాస్తా ఆరు వందలయ్యాయి, ఎనిమిది వందలయ్యాయి. రాసి స్టూలు దిగేలోగా లోపల ఫోన్ మోగేది, తుడిచి మళ్ళీ రాసేవాణ్ణి. చివరికి దిగడమే మానేశాను. అన్నం స్టూలు మీదే, కునుకూ స్టూలు మీదే. మా ఆవిడ ఇంట్లో నా మంచం ఎవరికో ఇచ్చేసిందని తర్వాత తెలిసింది. అంకె వెయ్యికి చేరే సరికి బోర్డులో చోటు చాలలేదు. నా అంకెలు గుమ్మడికాయల్లా దిట్టంగా ఉంటాయి, సన్నగా రాయమంటే నాకు చేతకాదు. వడ్రంగి వచ్చి కుడి పక్కన ఒక పలక అతికించి వెళ్ళాడు.

అవతల బావకు సరిగ్గా ఎదురు. అతని ఇరవై పదికి వచ్చింది, పది కాస్తా తొమ్మిదికి దిగింది. రెండంకెలు ఉండే చోట ఒక్కటి మిగిలింది. ఖాళీ చోటు ఊరికే పోవడమెందుకని దాన్ని పక్కనున్న మంగలి కొట్టుకు అద్దెకిచ్చాననీ, తొమ్మిది పక్కనే ‘గడ్డం గీయబడును’ అని రాయించుకున్నారనీ చెప్పేవాడు. బావ కూడా నా జాతివాడే, అన్నీ నమ్మక్కర్లేదు.

ఆ రోజుల్లోనే బడికి వెళ్తూ ఒక పిల్ల రోజూ నా బోర్డు ముందు ఆగేది. రెండు జడలు, మెడలో వేలాడే సంచి. లోపలికి రాదు, ఏమీ అడగదు. తలెత్తి అంకె చూసి, పెదాలు కదుపుతూ ఏదో లెక్కేసుకుని వెళ్ళిపోయేది. నా చేతిరాతకు ముచ్చటపడి ఆగుతోందనుకున్నాను. ఆ పిల్ల కోసమని తొమ్మిదికి ఒక మెలిక ఎక్కువ తిప్పేవాణ్ణి.

ఆ పిల్ల ఈ మధ్య మళ్ళీ వచ్చింది. జడలు పోయి ముడి వచ్చింది, ముడిలో సగం తెల్లబడింది. మెడలో సంచి ఉన్న చోట కొలత టేపు వేలాడుతోంది. ఊరికి ఆ చివర బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కొట్టు తనదే. నేను పని మానేసి చాలా కాలమైంది. కొట్టు బయట బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు కబుర్లు చెప్పడమే ఇప్పుడు నా ఉద్యోగం. నల్లబోర్డు పోయి, ఎర్రగా వెలిగే కరెంటు అంకెలు వచ్చాయి. వాటికి మెలికలు తిప్పడం రాదు.

బాబాయ్, పాత ధరలన్నీ మీకు నోటికొచ్చటగా అంది. నా ఛాతీ ఉబ్బింది. ఏ రోజు కావాలో అడుగు తల్లీ అన్నాను.

తను అడగలేదు, ముందు తన సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న కుర్చీలకూ బీరువాలకూ పాలిష్ పెట్టే మేస్త్రి. అవతలి దేశంలో, వంతెనకు పూట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో పనిచేసేవాడు. అక్కడి పని చీటీ మీద ఏడాదికి ఒక్కసారే దేశం దాటనిచ్చేవారు. నెలనెలా బస్సులో వంతెన చివరి దాకా వచ్చి, బావ కొట్లో డబ్బు కట్టి వెనక్కి పోయేవాడు. ఇటు మా కౌంటర్ మీద వాళ్ళమ్మ తీసుకునేది. మొదట్లో బాగానే వచ్చింది. తర్వాత నెలనెలా పలచబడింది. బడి చెప్పులు ఆగిపోయాయి, ఇంటి అద్దెకు తల్లి ఇరుగుపొరుగు చొక్కాలు కుట్టింది. ఆయన ఏడాదికోసారి ఇంటికి వస్తే ఈ పిల్ల పలకడం మానేసింది. అలా మానేసిన మాటలు మళ్ళీ కలవలేదు. ఇప్పుడు తల్లి లేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి, కుంచె నిలవడం లేదు. నీ ఇంట్లో ఒక మూల ఇస్తే వచ్చి ఉంటానని కబురు పెట్టాడట.

“లోపలి గది ఉంది బాబాయ్, గుడ్డల తానులు పెట్టుకున్నాను. అది ఖాళీ చేయాలా వద్దా అన్నది తేలడం లేదు. అప్పటి ధరలు చెప్పండి. ఆయన మాకు ఎంత తగ్గించాడో సరిచూసుకుంటాను. చూసుకున్నాక రమ్మనాలో వద్దనాలో నేనే తేల్చుకుంటాను.”

ఇక మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ఒక్క రోజు ధర కూడా గుర్తులేదు. ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఒక అంకె చెప్పేవాణ్ణి, దాని వెనక చుక్క పెట్టి ఇంకో రెండంకెలు తగిలించేవాణ్ణి. ఆ చుక్క వినేసరికి అందరూ నోరు మూసుకునేవారు. సరిచూసే వీలు ఎవరికీ లేదు గనుక ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదు. మా ఆవిడకు తెలుసు. నిన్న ఏం కూర తిన్నాడో గుర్తుండని మనిషి అని నలుగురిలో నా గాలి తీసేసేది కూడా. అది హాస్యమాడుతోందని జనం నవ్వేవారు.

ఆ రోజు కూడా అంకె నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న మనిషి నా అంకెను బట్టే ఒక ముసలాయనకు మంచం వేయాలో వద్దో తేల్చుకుంటుంది. మింగేసి, తల్లీ నావన్నీ కోతలు, ఏమీ గుర్తులేదు అని చెప్పేశాను. తను కోప్పడలేదు. పర్లేదు లెండి అని లేచింది. అలా ఉత్త చేతులతో పంపడం నాకు మనసొప్పలేదు. ఉండమ్మా, ఆ కాలం నాటి బోర్డైనా చూద్దువుగాని అని వెనక గదిలోకి తీసుకెళ్ళాను. దాన్ని ఇటుకల మీద పెట్టి టీ గ్లాసులకు బల్లగా వాడుతున్నారు.

గ్లాసులు పక్కకు జరిపి ఆ బోర్డును చేత్తో తడిమింది. చెయ్యి కుడి అంచుకు వచ్చి, అతుకు దగ్గర ఆగింది.

“ఈ పలక వేసిన రోజు నాకు తెలుసు. నాన్న డబ్బు బోర్డులో కూడా పట్టనంత అయిందని, బడికి పోకుండా ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. నాన్న ఎక్కువ పంపాల్సింది పోయి తక్కువ పంపుతున్నాడు, ఆ మిగిలింది ఎవరికి పెడుతున్నాడో అడుగు అన్నాను. అమ్మ మిషను తొక్కుతూనే ఉంది.”

ఆ అంకె పెరిగితే మీ నాన్న డబ్బు పెరిగినట్టని ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. నాన్నే, అంది. మొదటి ఏడాది సెలవుకు వచ్చినప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడట. కొట్టు ముందు బోర్డు చూస్తుండమ్మా, అంకె పెరిగితే మనం పెరిగినట్టే అని.

ఆయన చెప్పింది నిజమే. ఆయన నెలనెలా చూసేది బావ గుమ్మం ముందు బోర్డు. ఈ పిల్ల చూసింది నాది.

తిప్పలు పడి వివరించాను. రెండు టీ గ్లాసులు తెచ్చి ఇది మన వంద, ఇది వాళ్ళ వంద అని అటూ ఇటూ పోసి ఒలకబోశాను. తను గ్లాసుల్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇప్పుడే కదా బాబాయ్ అన్నీ కోతలని ఒప్పుకున్నారు, ఇదొక్కటీ ఎలా నమ్మను అంది. అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఇంత వయసొచ్చిన మనిషికి ఈ బోర్డు సంగతి తెలియకపోవడం ఏమిటని మీకూ అనిపించవచ్చు. ఆ డబ్బు ముఖం చూడనని ఒట్టేసుకుని తను మళ్ళీ వంతెన వైపే రాలేదు. పైగా చిన్నప్పుడు ఏడ్చి తేల్చుకున్న లెక్కను పెద్దయ్యాక ఎవరూ మళ్ళీ వేసి చూడరు. పద, అవతలి బోర్డు నీ కళ్ళతోనే చూద్దువుగాని అని చెప్పులేసుకున్నాను. ఇప్పుడు కార్డు చూపిస్తే చాలు, ఎవరైనా వంతెన దాటవచ్చు.

బావ కొట్టు యజమాని పిసినారి, అక్కడ ఇంకా సుద్దే. బావ ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. నన్ను చూసి, ఇంకా ఉన్నావా బావా, మొన్ననే నీ పేర ఒక నిమిషం మౌనం పాటించానే అన్నాడు. అది నువ్వు మౌనంగా ఉన్న మొదటి నిమిషం అయి ఉంటుంది బావా అన్నాను. వెంట వచ్చింది ఎవరని అడిగితే, నాకు కూతురి వరస కాబట్టి నీకు మేనకోడలే అనుకో అని చెప్పాను.

అంతలో లోపల ఫోన్ మోగింది. బావ వెళ్ళి మాట్లాడి వచ్చి, ఉన్న అంకె తుడిచి కాస్త చిన్న అంకె వేశాడు. మాది చిన్న ఏరు, వంతెన పొడవు ఎంతో లేదు. అక్కడి నుంచి చూస్తే మా కొట్టు ఎర్ర అంకెలు కనిపిస్తాయి. అవి ఒకసారి ఆరి, ఇంకాస్త పెద్ద అంకెగా వెలిగాయి. తను ఇటు చూసింది, అటు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. టేపు రెండు కొసలూ పిడికిట్లో పట్టుకుని వంతెన గోడకు ఆనుకుంది.

పాలిష్ మేస్త్రి కూతురు బావా అని మెల్లిగా చెప్పాను. బావ చేతిలో సుద్దముక్క కింద పెట్టేశాడు. నిన్నటి ధర మేస్త్రి కూతురా, అన్నాడు.

“అందరూ ఇవాళ ధరెంత అని అడిగేవాళ్ళు తల్లీ. మీ నాన్న ఒక్కడే ఇంకోలా అడిగేవాడు. పోయిన నెల అక్కడ అందినంతే ఈ నెలా అందాలంటే నేనిక్కడ ఎంత కట్టాలి, అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. జేబులు తిరగేసేవాడు, చాలేది కాదు. మరుసటి నెల ఇంకా ఎక్కువ తెచ్చేవాడు, అప్పటికి ధర ఇంకా జారిపోయి ఉండేది. ఎంత పరుగెత్తినా బస్సు ఒక అడుగు ముందే ఉన్నట్టు. చూడలేక, ఇవాళ్టిది కాకుండా నిన్నటి ధర కట్టేవాణ్ణి. కాస్త కలిసొచ్చేది.”

ఆ గొడవ మాత్రం నాకు బాగా గుర్తుంది. ఎవడో ఒకడికి నిన్నటి ధర ఇవ్వాలని నెలనెలా ఫోన్లో పట్టుబట్టేవాడు. ఎవరో ఏమిటో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నిన్నటి ధరేమైనా మీ అత్తగారి సొమ్మా అని అరిచాను. అవును, మీ అమ్మగారి సొమ్మే కదా బావా, మనలో మనకేంటి అన్నాడు. నవ్వొచ్చి ఒప్పేసుకున్నాను. అలా మేమిద్దరం తిట్టుకుంటూ కలిపిన చిల్లర ఈ పిల్ల ఇంటికి చేరింది.

తను ఏటి వైపు తిరిగి నిలబడింది. తర్వాత బావ వైపు తిరగకుండానే, మామయ్యా, దారం కూడా మీ దగ్గరే కత్తిరించేవాడా అని అడిగింది.

బావకు అర్థమైంది, నాకు కాలేదు. తనే చెప్పింది. అమ్మ ఏడాదికి ఒక చొక్కా కుట్టి నాన్నకు పంపేది. ఇంత అన్యాయం చేసేవాడికి చొక్కాలేమిటని తను పోట్లాడేది. కొలత కోసం నాన్న ఒక దారం ముక్క కాగితంలో చుట్టి పంపేవాడు, మెడ చుట్టూ పెట్టి కత్తిరించినది. నేనే కొలిచి కత్తిరించేవాణ్ణి, చేతులకు పాలిష్ మరక అంటిందని మీ నాన్న ముట్టుకునేవాడు కాదు అన్నాడు బావ.

“ఆ దారం ఏటేటా పొట్టిదయ్యేది,” అంది తను. “అమ్మ దాన్ని పోయినేటి దారం పక్కన పెట్టి చూసుకునేది. నేను బోర్డు చూసుకుంటూ కూర్చున్నాను.”

బావా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ నోట మాట రాలేదు. మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ ఈ సంగతి నమ్మరు.

పద తల్లీ ఇంటికి, అన్నాను. మీరు వెళ్ళండి బాబాయ్, ఇక్కడి నుంచి బస్సు ఎప్పుడుంది అని అడిగింది. మరి గది అన్నాను. తానులు కొట్లో పేర్చుకుంటే సరిపోతుంది అంది. బావ బస్సు దాకా తోడు వెళ్ళాడు. దారి పొడవునా మాట్లాడి ఉంటాడు, పాపం ఆ పిల్ల.

రెండు రోజుల తర్వాత, కుండపోతగా వాన పడుతోంది. నేను చూరు కింద బల్ల మీద ఉన్నాను. వంతెన మీద ఒకే గొడుగు కింద ఇద్దరు వస్తున్నారు. ఒక చేత్తో రేకు పెట్టె, ఒక చేత్తో గొడుగు పట్టుకుని తను. పక్కన సన్నటి ముసలాయన, గోళ్ళ చుట్టూ ఎప్పటికీ వదలని గోధుమరంగు మరక. గొడుగంతా ఆయన వైపే వంచింది, తను భుజం దాకా తడిసింది. నా బల్ల దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆగి, ఎర్ర అంకెల వైపు కళ్ళు చికిలించాడు.

“ఎంతుందో కనబడటం లేదు. పెరిగిందా అమ్మా, తగ్గిందా?”

“ఎటు నుంచి చూడాలి నాన్నా?”

ఆయన వంతెన వైపు ఒకసారి తిరిగి చూశాడు. పెట్టె వైపు చూశాడు.

“ఇక ఇటు నుంచే చూడు.”

“అయితే పెరిగింది,” అంది. “చిన్నప్పుడు నేను దీన్ని తలకిందులుగా చదివాను నాన్నా,” అంది.

“చదవడం నేర్పింది నేనే కదమ్మా. అటు నుంచి నేర్పాను.”

తను పెట్టె కింద పెట్టి, గొడుగు ఆయన చేతికిచ్చింది. అది వణుకుతుంటే తన చెయ్యి కూడా వేసి కుదురుగా నిలబెట్టింది. రెండో చేత్తో మెడలోంచి టేపు తీసి ఆయన మెడ చుట్టూ వేసి, కొసలు కలిసిన చోట వేలితో పట్టుకుంది. చొక్కా కుట్టాలి అంది. టేపు మీద అంకె చూసుకుంది గానీ పైకి చదవలేదు. ఇప్పుడెందుకమ్మా అంటూనే ఆయన గడ్డం పైకెత్తి, కొలతకు అలవాటైన మనిషిలా కదలకుండా నిలబడ్డాడు. నేను నా బల్ల మీద జరిగి కాస్త చోటిచ్చాను గానీ ఇద్దరూ కూర్చోలేదు. ఇంటికి వెళ్ళిపోయారు.

బ్యాంకువాళ్ళ కారు, స్టూలు మీద కునుకు ఎలాగూ మీరు నమ్మి ఉండరు, వాటి సంగతి వదిలేయండి. మిమ్మల్ని నమ్మించినది ఒకటుంది, అది ఒప్పుకోవాలి. ఆ రోజు వాన లేదు. మాడు పగిలే ఎండ. ఎండలో గొడుగంటే ఇద్దరూ కాస్త ఎడంగా నడిచినా కథ సాగుతుందని, దగ్గరగా నడిపించడం కోసం వాన నేను కురిపించాను. అక్కర్లేని పని. వాళ్ళు దగ్గరగానే నడిచారు. గొడుగు మాత్రం నిజం, అది ఆయన వైపు వంగి ఉండటమూ నిజం. తను తడిసింది చెమటతో.